మన ఎండకు ఆగే పురుగు

రైతులారా, పొద్దుటి మేత వేసి, షెడ్డు ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ వచ్చారు. సాయంత్రం మేత వేళకు మీరు ఇల్లు చేరాలి. అందుచేత ఉపోద్ఘాతం తగ్గించుకుంటాను.

స్మారకోపన్యాసమంటే కీర్తిశేషుల గుణగణాలు కొంతసేపు చెప్పుకోవడం మన ఆనవాయితీ. ఈ ఉపన్యాసానికి ధర్మనిధి పెట్టిన కుటుంబం ఆ ఆనవాయితీ వద్దంది. తమ పెద్దాయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, అది చాలన్నారు. దానికి బదులు, ఊరికొచ్చిన ప్రతి పట్టుపరిశ్రమ అధికారినీ ఆయన అడిగి, తృప్తి పడేంత జవాబు వినకుండానే పోయిన ప్రశ్న మీద మాట్లాడమన్నారు. ఆయన అడిగింది ఇదీ: "మైసూరులో పండే తెల్లగూడు మా పెన్న ఒడ్డున ఎండాకాలం ఎందుకు పండదు? పండే పురుగును మీరెందుకు తయారు చెయ్యరు?"

ఇందులో మొదటి సగానికి జవాబు తేలిక. మైసూరు సముద్రమట్టానికి సుమారు 770 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు 900 పైన. మన రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉన్న కిరికెర హిందూపురం పక్కనే కాబట్టి దాని ఎత్తు 600 మీటర్ల పైమాటే. పులివెందుల 270 దగ్గర. ప్రొద్దుటూరు 160కి లోపే. ఎత్తు వెయ్యి మీటర్లు దిగితే వేడి ఆరు, ఆరున్నర డిగ్రీలు పెరుగుతుందని భూగోళం పుస్తకంలో చదువుకున్నాం. ఆ లెక్కన మైసూరు నుంచి ప్రొద్దుటూరుకు దిగితే ఏ కాలంలోనైనా నాలుగు డిగ్రీలు అదనం. మనకైతే నాలుగు డిగ్రీలంటే ఇంకో చెమ్చాడు చెమట. చివరిదైన ఐదో దశలో 24, 25 డిగ్రీలు కోరుకునే పురుగుకు అదే చావుబతుకుల తేడా. మనం పెంచే తెల్లగూళ్ల జాతులు చాలావరకు ఆ ఎత్తుల మీద పుట్టి, ఆ ఎత్తుల మీద పరీక్ష నెగ్గి మన దగ్గరికి దిగివచ్చినవి. పురుగు తప్పేమీ లేదు.

రెండో సగం దగ్గరే అసలు పని ఉంది. నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు వేడి సంగతి చూద్దాం. పట్టుపురుగుకు సొంత ఒంటివేడి లేదు; చుట్టూ గాలి ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే. ఒంట్లో నీరు ఆవిరి చేసుకుని కాస్త చల్లబడటమొక్కటే దానికున్న దారి. గుడ్డు పగిలిన కొత్తలో అది వేడిని బాగానే ఓర్చుకుంటుంది. చాకీ అనే ఆ పసిదశలో 27, 28 డిగ్రీలు, 85 శాతం తేమ దానికి హాయి. రైతులు జ్వరమనే ఒక్కొక్క కుబుసం విడుపుకూ ఆ ఓర్పు తగ్గుతూ వస్తుంది. నాలుగో జ్వరం దాటి లేచాక, మొత్తం ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా మేసే ఆ ఏడెనిమిది రోజుల్లో, వేడికి దానంత సుకుమారి మరొకటి లేదు. రైతు పెట్టుబడి అంతా షెడ్డులోకి వచ్చేసిన తర్వాత, సరిగ్గా ఆ వారంలోనే పంట పోతుంది. పాలరోగం తేలేదీ, పురుగు మెత్తబడి నల్లగా కారేదీ అప్పుడే.

అయితే వేడి ఒక్కటే చూస్తే మోసపోతాం. ఏప్రిల్ నెలలో జమ్మలమడుగులో మధ్యాహ్నం 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. ఆ గాలిలో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపి పెడితే అది దాదాపు 23 దగ్గర నిలుస్తుంది. అంటే తడి గోనెపట్టాలు కట్టి, గాలి ఆడేలా చూసుకుంటే షెడ్డును ఆ వైపుగా ఎంతో కొంత దించడానికి వీలుంది. ఇప్పుడు అక్టోబరు చివర, వాన వెలిసిన ప్రొద్దుటూరు తీసుకోండి. వేడి 32 డిగ్రీలే, తేమ మాత్రం 85 శాతం. తడిగుడ్డ ఉష్ణమాపి 30 దగ్గర ఆగిపోతుంది. నలభై డిగ్రీల రోజున గోనెపట్టా రక్షించింది. ముప్ఫై రెండు డిగ్రీల రోజున అదే గోనెపట్టా షెడ్డులోకి మరింత తేమ తెచ్చిపెడుతుంది. పురుగు ఒంటి నీరు ఆవిరి కాదు, ఆకు మీది తడి ఆరదు, పడకలో పెంట పులిసి అమ్మోనియా లేస్తుంది. చంద్రికల మీద గూడు కట్టేటప్పుడు దారం మీది బంక తొందరగా ఆరక, అలాంటి గూటి దారం రీలింగులో తెగుతూ ఉంటుంది.

అందువల్ల "వేడికి ఆగే జాతి" అని ఎవరైనా చెప్తే నేను వెంటనే అడిగేది, ఏ వేడికి అని. పొడివేడికా, ఉక్కకా? ఈ రెండూ పురుగుకు వేరువేరు కష్టాలు. ఒకదానికి ఆగిన జాతి రెండోదానికి ఆగుతుందన్న హామీ లేదు. పొడివేడిని షెడ్డు కొంత మోస్తుంది, నీళ్లు కొంత మోస్తాయి. ఉక్కపోతను మోయాల్సింది పురుగే. జాతి ఎంపిక అవసరం ఎక్కువగా ఉన్నది ఈ రెండోచోట. చిత్రమేమంటే కడప పేరెత్తగానే అందరికీ మండుటెండే గుర్తొస్తుంది. కె.సి. కాలువ కింద వరిపొలాల మధ్య షెడ్డు వేసుకున్న రైతును అడగండి, ఏ నెలలో నష్టపోయావని. మే నెల ఒక్కటే చెప్పడు.

మన మూడు ఊళ్లూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నా పురుగుకు మూడు వేరు దేశాలు. ప్రొద్దుటూరు పక్కన పెన్న, కాలువ, వరి. ఈశాన్య ఋతుపవనాల నాటికి గాలి బరువెక్కుతుంది. జమ్మలమడుగు వైపు నల్లరేగడి, గండికోట రాయి, బండల గనులు. ఇక్కడ ఇంటి కప్పుకూ కడప బండే, గోడకూ కడప బండే. పగలంతా తాగిన ఎండను ఆ బండ రాత్రి పొడుగునా లోపలికి కక్కుతుంది. బండల మిద్దె కింద పురుగు పెంచే రైతుకు రాత్రి పదకొండు గంటలైనా షెడ్డు చల్లబడదు. పులివెందుల కాస్త ఎత్తు; చీనీ, అరటి తోటల మధ్య బోరు నీటి మీద మల్బరీ. అక్కడి కష్టం తేమకంటే ఆకులో నీరు తగ్గడం. మధ్యాహ్నం కోసిన ఆకు గంటలో వాడిపోతే పురుగు దాన్ని ముట్టదు. ఆకు వాడిపోయి పస్తున్న పురుగు వేడికి చచ్చిందని రాసుకుంటే ఆ జాతికి అన్యాయం చేసినట్టే.

వేడిదేశంలో పట్టుపురుగును బాగుచేసే ఆలోచన మనతో మొదలు కాలేదు. జపాన్‌కు చెందిన తొయామా కమెతారో 1902లో సయాం ప్రభుత్వం పిలుపు మీద ఇప్పటి థాయిలాండ్ వెళ్లాడు. అక్కడి ఉక్కకు అలవాటుపడ్డ నాటు పురుగు గూడు చిన్నది, పసుపు. తన దేశపు పురుగు గూడు పెద్దది, కానీ అక్కడ నిలవదు. రెండింటినీ సంకరం చేసి తరాల వారీగా లెక్కలు రాశాడు. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసిన నియమాలే పట్టుపురుగులోనూ పనిచేస్తాయని 1906లో ప్రకటించాడు. మొదటి తరం సంకరం తల్లిదండ్రుల కంటే మొండిగా ఉంటుందని ఆయన పట్టుబట్టడం వల్లే తర్వాత జపాన్ అంతా సంకర గుడ్ల వైపు తిరిగింది. జన్యుశాస్త్రంలో ఇంత పెద్ద పని ఉక్కపోసే దేశంలో, వేడికి ఆగే పురుగు కోసం వెతుకులాటలో పుట్టిందన్నది మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. కనపడాలి.

మన దేశంలో వేడికి ఆగే పాత జాతుల్లో ముఖ్యమైనవి రెండు: దక్షిణాన మైసూరు పురుగు, బెంగాల్లో నిస్తారి. రెండూ ఏడాది పొడుగునా తరం మీద తరం ఎత్తేవి, ఎంత మొండివో అంత పిసినారివి. మైసూరు గూటి బరువులో పట్టు పొర 13, 14 శాతం. దారం మూడు నాలుగు వందల మీటర్లు. తెల్లగూళ్ల జాతుల్లో పొర 22 శాతం దాటుతుంది, దారం వెయ్యి మీటర్లు దాటుతుంది. ఎంతో కాలంగా ఎంపిక చేసే శాస్త్రవేత్తకు ఎదురవుతున్న గోడ ఇదే. పట్టు ఎక్కువిచ్చే గుణం, బతికే గుణం ఒకదాన్నొకటి వెనక్కి లాగుతాయి. ఒకదాని కోసం ఎంపిక చేస్తూ పోతే రెండోది జారిపోతుంది.

ఆ గోడకు మన పెద్దలు మొదట వేసిన నిచ్చెన సి.బి. సంకరం. తల్లి మైసూరు, తండ్రి తెల్లగూళ్ల జాతి. తల్లి మైసూరే కావడానికి కారణముంది. గుడ్డు వెంటనే పొదగాలా, నెలల తరబడి నిద్రపోవాలా అన్నది తల్లి చేతిలో ఉంటుంది. మైసూరు తల్లి పెట్టిన గుడ్డు నిద్రపోదు, పది రోజుల్లో పగులుతుంది. 1970ల్లో మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థలో ఎస్. కృష్ణస్వామి బృందం తయారుచేసిన ఎన్.బి.4డి2 వంటి జాతులు ఆ తండ్రి స్థానంలోకి వచ్చాయి. తర్వాత సి.ఎస్.ఆర్.2 వచ్చింది, మైసూరుతో దాని సంకరానికే కోలార్ గోల్డ్ అని పేరు. ఇవాళ్టికీ మే నెలలో ధైర్యం చాలని రైతు మళ్లేది ఈ సంకరమిచ్చే పసుపుగూడు వైపే. అతన్ని వెనకబడినవాడని ఎవరూ అనకండి. వేడికి ఆగే తెల్లగూళ్ల జాతి మన దగ్గర లేదన్న మాటను అతను గుడ్ల ఎంపికతో చెప్తున్నాడు.

1991లో జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ సాయంతో మైసూరులో తెల్లగూళ్ల పథకం మొదలైంది. తొలి సి.ఎస్.ఆర్. వరసలు ఆ కాలానివే. సి.ఎస్.ఆర్.2, సి.ఎస్.ఆర్.4 సంకరం గూటి నాణ్యతలో అంతకుముందు ఇక్కడ చూడనిది. కానీ శీతాకాలంలో, మంచి షెడ్డులో, వి1 రకం మల్బరీ ఆకు మీద. ఎండాకాలం కోసం వేరే పురుగు కావాలని ఆ శాస్త్రవేత్తలకూ త్వరగానే తెలిసింది. అప్పుడు చేసిన పని ఎలా జరిగిందో కాస్త వివరంగా చెప్తాను. ఎంపిక అనగానే నలుగురు కూర్చుని బాగున్న గూళ్లు ఏరడం అనుకుంటారు చాలామంది.

వేడిని ఓర్చే గుణం పిల్లలకు సంక్రమిస్తుందని జపాన్‌లో కాటో, ఆయన సహచరులు 1989లోనే చూపించారు. ఐదో దశ పురుగును వేడిలో పెంచి, బతికినవాటిని ఏరుతూ పోతే గట్టి వరసలు తయారవుతాయని 1992లో షిరోతా చెప్పాడు. మైసూరు శాస్త్రవేత్తలు రెండు జపాన్ సంకరాలను పట్టుకున్నారు, అప్పటికే వేడికి ఓర్చేవిగా పేరున్నవి. వాటి పిల్లలను తరం తర్వాత తరం ఇలా పరీక్షించారు. నాలుగో జ్వరం దాటిన మూడో రోజు నుంచి గూటికెక్కే దాకా రోజుకు ఆరు గంటలు 36 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గదిలో పురుగులను ఉంచుతారు. మిగతా పద్దెనిమిది గంటలు మామూలు గదిలో. గూళ్లు కట్టాక కోసి చూసి, లోపల బతికిన ప్యూపాలు నూటికి ఎన్నో లెక్కపెడతారు. ఎక్కువ బతికిన కుటుంబాల నుంచే, అందులోనూ గూడు బరువు, పొర బరువు ఉన్నవాటి నుంచే తర్వాతి తరానికి చిలకలను తీస్తారు. ఇలా పది పన్నెండు తరాలు గడిచేసరికి వరస స్థిరపడుతుంది. ఇదంతా చేసింది ఒక తండ్రి వరస కోసం, మళ్లీ ఒక తల్లి వరస కోసం. రైతు పెంచేది వాటి సంకరాన్ని. అందుకే చివరికి సంకరాన్ని మళ్లీ ఆ వేడిగదిలో పెట్టి చూడాలి. సి.ఎస్.ఆర్.18, సి.ఎస్.ఆర్.19 అలా పుట్టాయి.

ఈ రెండింటి సంకరం పొలాల్లోకి వచ్చింది. వేడికి ఆగింది కూడా. అయినా రైతులు దాన్ని అక్కున చేర్చుకోలేదు. కారణం దాని మొండితనంలో లేదు, దిగుబడిలో ఉంది. మంచి నెలల్లో మిగతా సి.ఎస్.ఆర్. సంకరాలతో సమానంగా గూడు ఇవ్వదు. మొండితనమూ దిగుబడీ రెండూ కావాలని శాస్త్రవేత్తలు మళ్లీ పనిలో దిగారు, సి.ఎస్.ఆర్.46, సి.ఎస్.ఆర్.47 సంకరం ఆ రెండో ప్రయత్నంలోది. శాస్త్రవేత్తల వ్యాసాల్లో ఈ కథ "రైతుల ఆదరణ ఆశించినంత లేదు" అని ముగుస్తుంది. నాకు ఆ ముగింపు మీద పేచీ ఉంది.

ఏడాదికి ఐదారు పంటలు తీసే రైతు వేడికాలంలో ఒకటో రెండో పంటలు కాపాడుకోవడానికి మిగతా నాలుగు పంటల్లో కిలోలు ఎందుకు వదులుకుంటాడు? వదులుకోకపోవడమే తెలివి. ఆ జాతిని ఏప్రిల్ పంటకు, అక్టోబరు పంటకు మాత్రమే ఇచ్చి, డిసెంబరులో వేరే జాతి ఇచ్చి ఉంటే ఆ లెక్క వేరుగా ఉండేది. జాతి ఎంపికంటే శాస్త్రవేత్త బీరువాలో ఏ వరస ఉండాలన్న ప్రశ్న ఒక్కటే కాదు, ఏ నెల ఏ గుడ్లు ఏ ఊరికి పంపాలన్నదీ అదే ప్రశ్నలో భాగం. ఏప్రిల్‌లో పొదిగే గుడ్ల కోసం తల్లిదండ్రుల వరసలను చలికాలంలోనే పెంచాలి. గుడ్లను ఆమ్లంలో ముంచి నిద్ర లేపడమో, చల్లగదిలో ఆపడమో ముందే నిర్ణయించుకోవాలి. రైతు మార్చి నెలలో అడిగితే గుడ్ల కేంద్రం దగ్గర ఉన్నదే ఇస్తుంది. ఆ ఉన్నది ఏమిటన్నది జనవరిలోనే తేలిపోయి ఉంటుంది.

ఇక కొలత సంగతి. జాతులను పోల్చడానికి అందరూ వాడే సూచీ ఒకటుంది. జపాన్ శాస్త్రవేత్త మానో, తన సహచరులతో 1993లో ఇచ్చాడు. ఒక గుణంలో ఆ జాతి విలువ సగటు కంటే ఎంత పైనో చూసి, ఆ తేడాను ప్రామాణిక విచలనంతో భాగించి, పదితో గుణించి, యాభై కలపాలి. అన్ని గుణాలకూ అలా చేసి సగటు తీస్తే యాభై దాటిన జాతి మంచిది. లెక్క శుభ్రంగానే ఉంది. కానీ గూడు బరువు, పొర బరువు, పొర శాతం, దారం పొడవు, దారం మందం, బతికిన శాతం అన్నిటికీ ఇందులో ఒకే ఓటు. పట్టుకు సంబంధించినవి నాలుగైదు, బతుకుకు సంబంధించింది ఒకటో రెండో. పందెం మొదలయ్యే ముందే మొండి పురుగు ఓడిపోతుంది. కడప జిల్లాకు జాతి ఎంచేటప్పుడు బతికిన శాతానికి మూడు ఓట్లు ఇవ్వాలన్నది నా అభిప్రాయం. మూడే ఎందుకు, నాలుగు ఎందుకు కాదని గణాంకశాస్త్రం తెలిసిన మిత్రులు అడుగుతారు. కూర్చుని తేల్చండి. ఒకటి మాత్రం కాదు.

వేడిగది పరీక్ష మీద కూడా ఒక మాట. 36 డిగ్రీలు, 85 శాతం కలిపితే తడిగుడ్డ ఉష్ణమాపి 33 దాటుతుంది. పెన్న ఒడ్డున ఆరుబయట గాలి అంత ఉక్కగా ఉండటం అరుదు. ఆ లెక్కన గది మన ఊరికంటే కఠినం. కానీ గది ఆరు గంటలు హింసించి పద్దెనిమిది గంటలు విశ్రాంతి ఇస్తుంది. మన బండల మిద్దె కింద విశ్రాంతి ఉండదు. ఆరు గంటల మంటకు ఓర్చే గుణం, ఇరవై నాలుగు గంటలూ 31, 32 డిగ్రీల మగ్గుడుకు ఓర్చే గుణం ఒకటేనని ఎవరూ చూపించలేదు. పరీక్షను మార్చమని అడగడం లేదు. చివరి పరీక్ష ఇక్కడికి తెమ్మంటున్నాను.

రైతులకు కనపడని ఇంకో దెబ్బ ఉంది. వేడి పురుగును చంపకుండా కూడా పంటను పాడుచేస్తుంది. గూడు కట్టే రోజుల్లో, ప్యూపాగా ఉన్న రోజుల్లో 32, 33 డిగ్రీలు దాటితే మగచిలకలు చూడటానికి బాగానే ఉంటాయి, జతకడతాయి కూడా, కానీ గుడ్లు ఫలించవు. తెల్లగూళ్ల జాతుల్లో ఇది మరీ ఎక్కువ. సి.బి. గుడ్లకు తండ్రి తెల్లగూళ్ల పురుగే కదా, ఎండాకాలం కొన్ని చిలకల గుడ్లలో సగం పగలకపోవడానికి ఇదొక కారణం. రైతు చాకీ కేంద్రాన్ని తిడతాడు, చాకీవాళ్లు గుడ్ల కేంద్రాన్ని తిడతారు. వేడికి ఆగే జాతిని ఎంచేటప్పుడు ప్యూపా బతికిందా లేదా అని మాత్రమే చూస్తే ఈ దోషం వేళ్ల సందులోంచి జారిపోతుంది. మగచిలక పరీక్ష కూడా ఎంపికలో చేరాలి. నాలుగు జాతుల సంకరం, ఎఫ్.సి.1, ఎఫ్.సి.2 అని మీరు వినేది, కొంతవరకు దీనికి ఉపాయం. సి.ఎస్.ఆర్.6ను 26తో, సి.ఎస్.ఆర్.2ను 27తో కలిపి, ఆ రెండు సంకరాలను మళ్లీ కలుపుతారు. విత్తనగూళ్ల రైతు పెంచేది శుద్ధజాతిని కాదు, సంకరాన్నే. అందువల్ల విత్తనపంట దశలోనే మొండితనం వస్తుంది.

మరి కొత్త జన్యుశాస్త్రం ఏం చెయ్యగలదు? హైదరాబాద్‌లోని సి.డి.ఎఫ్.డి. పరిశోధన సంస్థలో జె. నాగరాజు గారి బృందం పట్టుపురుగు జన్యువుల మీద చేసిన పని ప్రపంచమంతా ఎరిగిందే. పాలరోగం తెచ్చే వైరస్‌ను పురుగు తనంతట తానే అణిచేలా జన్యుమార్పిడి చేసిన వరసలు వాళ్లు తయారుచేశారు. ఆయన 2012 చివరి రోజుల్లో కన్నుమూశారు. ఆ పని మన ప్రశ్నకు ఒక కిటికీ తెరిచింది. వేడికి చచ్చాయని మనం రాసుకున్న పురుగుల్లో చాలావాటిని చంపింది ఒంట్లో దాగి ఉన్న వైరస్ కావచ్చు. వేడి దానికి అదను ఇచ్చి ఉండవచ్చు, అంతే. అలాంటప్పుడు వేడికి ఆగే పురుగని మనం ఏరుతున్నది నిజానికి రోగానికి ఆగే పురుగు కావచ్చు. రైతుకు రెండూ ఒకటే. ఎంపిక చేసేవాళ్లకు ఒకటి కాదు. వేడిగదిలోకి వైరస్ సోకని పురుగులనూ, సోకిన పురుగులనూ వేరువేరుగా పెట్టి చూస్తే గానీ ఏది ఏదో తెలియదు.

కిరికెర సంస్థ మన రాయలసీమలోనే ఉంది. స్వర్ణాంధ్ర, హేమావతి అన్న సంకరాలు అక్కడివే. ఉక్కపోతకు మాత్రం మన రాష్ట్రంలో అసలు బడి కోస్తాలో ఉంది: కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలం చేబ్రోలు. సముద్రపు గాలి తగిలే ఊరిలో మల్బరీ పెట్టి, తెల్లగూళ్లు పండించి పేరు తెచ్చుకున్న రైతులు వాళ్లు. మన రైతులను చూపించడానికి మైసూరు బస్సెక్కిస్తారు. షెడ్డుకు గాలి ఎలా ఆడించాలో, వానకాలం పడక ఎలా ఆరబెట్టాలో నేర్చుకోవడానికి ఒకసారి చేబ్రోలు బస్సెక్కిస్తే ఎక్కువ లాభం.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు నా జవాబు. కడప ఎండకూ, కడప ఉక్కకూ, కడప చలికీ ఒకే పురుగు ఎప్పటికీ రాదు. వస్తుందని ఆశ చూపించేవారిని నమ్మకండి. పట్టు తగ్గకుండా ఓర్పు పెంచడానికి హద్దు ఉంది, ఆ హద్దు పురుగు ఒంట్లోనే ఉంది. రాగలిగింది వేరు. ఉక్క నెలలకు ఒక సంకరం, చలినెలలకు ఒకటి, మండుటెండల నెలల్లో మంచి షెడ్డు ఉన్నవారికి ఒకటి, లేనివారికి పసుపుగూడు. ఇందుకు కావలసిన వరసల్లో చాలావరకు మైసూరు, బెంగాల్ బర్హంపూర్, కిరికెర సంస్థల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. లేనిదల్లా వాటిని 160 మీటర్ల ఎత్తున, బండల మిద్దె కింద, మన ఆకు మీద, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ పక్కపక్కన పెంచి, కోసి లెక్కపెట్టిన కాగితం.

పట్టుపరిశ్రమ శాఖ వారిని నేను కోరేది కొత్త భవనం కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా రైతుల షెడ్లలోనే, వరసగా మూడేళ్లు, ప్రతి ఎండాకాలం పంటకూ ప్రతి ఈశాన్యపు పంటకూ ఈ పోటీ పెట్టండి. ఓడిన జాతుల ఫలితాలు కూడా అచ్చు వెయ్యండి. యోగి వేమన విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన విద్యార్థులు ఆ లెక్కల పని ఎత్తుకుంటే వాళ్లకు ఒక పరిశోధన, జిల్లాకు ఒక జవాబు దక్కుతాయి.

రైతు సోదరులారా, ఇవాళ ఇంటికి వెళ్లేటప్పుడు రెండు ఉష్ణమాపులు కొనుక్కోండి. ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండూ పురుగుల తట్ట ఎత్తులో వేలాడదీయండి. నాలుగో జ్వరం దాటినప్పటి నుంచి గూళ్లు విప్పేదాకా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పదింటికి రెండు అంకెలూ రాయండి. గూళ్లు అమ్మిన రోజు కిలోలతో పాటు ఎన్ని పురుగులు చచ్చాయో, ఏ రోజు చచ్చాయో, గుడ్లు ఏ జాతివో రాయండి. ఆ కాగితాలు నాకు పంపనక్కర్లేదు. కిరికెరకు పంపండి.